సరుగుడు తోపునకు ఎడము కావలెను



పులికాటు సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమ ఇసుకమీద నిలిచిన దీవి శ్రీహరికోట. నేడు ఆ పేరు వినగానే అందరికి రాకెట్లు జ్ఞాపకము వచ్చును. కాని అంతకు పూర్వమే ఆ దీవి మదరాసు పట్టణపు పొయ్యిలకు పరిచయమైనది. శ్రీహరికోట సరుగుడు కట్టె పడవల కెక్కి, పులికాటు దాటి, బకింగుహాము కాలువ వెంట మదరాసు చేరెడిది. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రమునకు ఎన్నిక చేసిరి. 1971 అక్టోబరు 9న అక్కడినుండి మొదటి రాకెట్టు లేచినది. దానితో ఆ దీవిలోని చెట్టునకు పని మారినది. నిన్నటివరకు పొయ్యిలోనికి పోవలసిన చెట్టు, నేడు ఇసుకను పట్టి నిలుపుటకు, గాలి ఊపును తగ్గించుటకు నిలిచియుండవలసిన చెట్టు అయినది.

ఈ మార్పులో మనకొక పాఠమున్నది. చెట్టు పని మారినచో తోపు లెక్కయు మారవలెను. కట్టెకొరకు నాటిన ఎడము గాలికి నిలుచు తోపునకు పనికిరాదు. దూలమునకు నాటు ఎడము కాగితపు మిల్లు కట్టెకు అక్కరలేదు. మన తీరమున తూపిలిపాలెము, దుగరాజపట్నము మొదలు కోడూరు, మైపాడు వరకు ఏ ఇసుక నేలను చూచినను, మూడడుగుల కొక మొక్క చొప్పున కిక్కిరిసిన తోపులు కానవచ్చును. మూడు నాలుగేండ్లలో మొత్తము నరికి అమ్ముకొను రైతునకు అందువలన పెద్ద నష్టము లేదు. కాని అదే తోపును ధర రాలేదనియో, పిల్ల పెండ్లికి అక్కరకు వచ్చుననియో, ఇంటికి చాటుగా ఉండుననియో ఎనిమిది పదేండ్లు అట్లే ఉంచువారు తెలియకుండనే తమ సొమ్మును గాలికి ఒడ్డుచున్నారు. ఈ సంగతినే మీ ముందు ఉంచదలచితిని.

సూదియాకు చెట్లు, మన సరుగుడు

తోపులో ఎడమెంత ఉండవలెను, పలుచన ఎప్పుడు చేయవలెను అను విషయములను లోకములో ఎక్కువగా పరిశీలించినవారు చలిదేశముల అడవి శాఖలవారు. వారి చెట్లు పైను, స్ప్రూసు, దేవదారు వంటి సూదియాకు చెట్లు. మన రాష్ట్రములో అట్టివి అరకు లోయలోని పైను తోపులవంటి కొద్దిచోట్ల మాత్రమే ఉన్నవి.

సరుగుడు అనండి, సర్వి అనండి, చవుకు అనండి, మన తీరపు ఈ చెట్టు చూపునకు సూదియాకు చెట్టువలెనే ఉండును. ఆకువలె కనబడునది నిజమునకు ఆకు కాదు, కణుపులు గల సన్నని పచ్చని రెమ్మ. అసలు ఆకులు ఆ కణుపులవద్ద కంటికి ఆననంత చిన్న పొలుసులుగా ఉండును. కాయ పైనుకాయను పోలినను, ఇది పూవు పూచు జాతి చెట్టే. వేళ్ళమీది బుడిపెలలో నుండు ఫ్రాంకియా అను సూక్ష్మజీవి సహాయముతో గాలిలోని నత్రజనిని పట్టుకొనును. ఉత్త ఇసుకలో కూడ ఇది బ్రదుకుటకు అదియొక కారణము.

జాతి వేరైనను రెండు విషయములలో సరుగుడు పైను చెట్టునకు తోబుట్టువే. నీడను ఓర్వదు. నిటారుగా ఒకే మానుగా ఎదుగును. కావున వెలుతురు, నీరు, గాలి ఈ మూడింటి లెక్క రెంటికిని ఒక్కటే.

ఎకరమునకు ఎన్ని మొక్కలు?

ఎకరము 43,560 చదరపుటడుగులు. మూడడుగుల ఎడమున నాటినచో 4,840 మొక్కలు పట్టును. నాలుగడుగులకు 2,722, ఐదడుగులకు 1,742, ఆరడుగులకు 1,210, పదడుగులకు 435. అనగా మూడడుగుల తోపులో ఒక్కొక్క మొక్కకు 9 చదరపుటడుగుల నేల. ఆరడుగుల తోపులో 36. పదడుగుల తోపులో 100.

నేల పెరుగదు. వాన పెరుగదు. ఎండ పెరుగదు. ఉన్నదానినే ఇన్ని వాటాలుగా పంచుచున్నాము. ఎకరములో ఏటేట ఊరు మొత్తము కట్టె, తోపు మరీ పలుచనయు మరీ ఒత్తును కానంతవరకు, ఇంచుమించు ఒక్కటే యని నార్వే దేశపు లాంగ్‌సేటర్ 1941లోనే చెప్పెను. మొక్కల సంఖ్య పెంచినచో కట్టె మొత్తము పెరుగదు, ముక్కలు మాత్రము పెరుగును. మొదటి రెండు మూడేండ్లలో మాత్రము ఒత్తు తోపునకు పైచేయి. మొక్కలు నేలను త్వరగా కప్పి, ఎండను వృథా పోనీయవు. చిన్నవయసులో నరకువారికి ఒత్తు నాటుట లాభించుటకు ఇదే కారణము.

ఇంకొక సంగతి గమనించండి. ఒకే నేలలో ఒకే వయసు చెట్లు ఒత్తుగా నున్నను, కొంత ఎడముగా నున్నను, ఎత్తు ఇంచుమించు సమానముగానే పెరుగును. మారునది లావు. ఒత్తు తోపులోని చెట్టు వెలుతురుకొరకు పైకి ప్రాకును గాని, మాను లావెక్కదు. క్రింది కొమ్మలు ఎండి, పైన చిన్న కుచ్చు మాత్రము మిగులును.

రెండంగుళముల మానుకన్న నాలుగంగుళముల మాను అడ్డుకోతలో రెండింతలు కాదు, నాలుగింతలు. మూడడుగుల ఎడమునగల 4,840 చెట్లు రెండేసి అంగుళముల లావున్నవనుకొనండి. వాని అడ్డుకోతల మొత్తము, ఆరడుగుల ఎడమునగల 1,210 చెట్లు నాలుగేసి అంగుళములున్నప్పటి మొత్తమునకు సరిగా సమానము. కాని నరకుటకు, కొమ్మలు కొట్టుటకు, బెరడు తీయుటకు, బండికెత్తుటకు నాలుగవ వంతు చెట్లే. సన్నకట్టెలో బెరడు పాలు ఎక్కువ. లావుకట్టె గుంజకు, వాసమునకు, దూలమునకు పనికివచ్చును. సన్నది పొయ్యికో, మిల్లు తూకమునకో పోవలెను.

మీరు తీయనిచో ప్రకృతి తీయును

ఒత్తు తోపును ఎట్లున్నదట్లు వదలినను అందులోని చెట్లన్నియు నిలువవు. జపానులో యోదా, ఆయన సహచరులు 1963లో దీనినొక సూత్రముగా వెల్లడించిరి. కిక్కిరిసిన ఒకే వయసు మొక్కలలో బలహీనమైనవి చచ్చుచుండగా బలమైనవి పెరుగుచుండును. సంఖ్య సగమునకు దిగునప్పటికి మిగిలిన మొక్క సగటు బరువు సుమారు 2.8 రెట్లగును. పొలములోని కలుపు మొక్కకును, అడవిలోని మహావృక్షమునకును ఈ లెక్క చాలవరకు వర్తించును.

కనుక పలుచన జరిగి తీరును. ఎవరు చేయవలెననునదే ప్రశ్న. ప్రకృతి చేసినచో చచ్చిన చెట్టు చెదల పాలగును. చచ్చులోపల అది త్రాగిన నీరు, తిన్న సారము వృథా. ఈనడిచిన చెట్లు తెగులునకు, బెరడు తొలుచు పురుగునకు ఇల్లగును. మీరే చేసినచో అదే చెట్టు పందిరిగుంజగా, పాదులకు ఊతకర్రగా, వంటచెరకుగా చేతికి వచ్చును. నువ్వు చేలో ఒత్తు తీయనిదే పంట లేదని మీకొకరు చెప్పనక్కరలేదు. తోపులో ఒత్తు తీయుటయు అంతే. భేదమేమన, చేలో తీసిన మొక్క గట్టుమీదికి, తోపులో తీసిన మొక్క సంతకు పోవును.

గాలి వచ్చినప్పుడు

మన తీరమునకు అసలు పరీక్ష తుఫాను. 1977 నవంబరు 19న దివిసీమ ఏమైనదో పెద్దలు మరువలేదు. ఆ తరువాత మన తీరమున సరుగుడు తోపులను గాలికి అడ్డుగా పెంచవలెనను తలంపు బలపడినది. 1984 నవంబరులో తుఫాను శ్రీహరికోట సమీపముననే తీరము దాటినది. 2016 డిసెంబరు 12న వర్దా మదరాసు ప్రాంతమున వేలకొలది చెట్లను నేలకూల్చినది. మనకు ఈశాన్య ఋతుపవనపు వానలు, తుఫానులు ఒకే కాలమున వచ్చును. నాని వదులైన ఇసుకలో వేరు పట్టు తగ్గును. అప్పుడే గాలి తోయును.

చెట్టు గాలికి ఓర్చునా లేదా తెలిసికొనుటకు చలిదేశముల అటవీ శాఖలవారు ఒక చిన్న లెక్క వాడుదురు. ఎత్తును లావుతో భాగింతురు. రెండును ఒకే కొలతలో ఉండవలెను. 40 అడుగుల చెట్టు 480 అంగుళములు. మాను లావు నాలుగంగుళములైనచో భాగఫలము 120. ఆరంగుళములైనచో 80. స్ప్రూసు, పైను తోపులలో 80కి లోబడినది స్థిరమనియు, 100 దాటినది ప్రమాదమనియు వారి అనుభవము. సరుగుడు మాను వేరు, మన ఇసుక వేరు. కావున ఆ అంకెలను వేదవాక్యముగా గాక గుర్తుగా తీసికొనండి.

ఈ లెక్కను పొలములో సులువుగా చేయవచ్చును. నేలనుండి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపుతో మాను చుట్టుకొలతను అంగుళములలో కొలవండి. దానికి రెట్టింపు ఎన్నియో, చెట్టు అన్ని అడుగుల ఎత్తు ఉండవచ్చును. చుట్టుకొలత 19 అంగుళములున్న చెట్టునకు 38, 40 అడుగులు తగును. 12 అంగుళముల చుట్టుకొలతతో 40 అడుగులు పోయినచో అది చెట్టు కాదు, గెడకర్ర.

కొందరు, ఒత్తు తోపు ఒకదానినొకటి ఆనుకొని నిలుచునుగదా అందురు. నిజమే. చెట్టు విడిగా నిలువలేనిచో పొరుగు చెట్టు ఆసరా ఇచ్చును. కాని తోపు నడుమ నాలుగు చెట్లు పడి సందు ఏర్పడినచో ఆసరా పోవును. ఆ సందులో దూరిన గాలి చుట్టునున్నవానిని వరుసగా పడద్రోయును. ఒకరి భుజముపై ఒకరు వాలి నిద్రించువారిలో ఒకడు లేచినచో మిగిలినవారు ఒరిగినట్లే.

ఆలస్యముగా చేసిన పలుచన మరింత ప్రమాదకరము. ఎత్తుగా, సన్నగా పెరిగిన తోపులో ఒక్కసారిగా సగము చెట్లు తీసివేసినచో మిగిలినవానికి ఆసరా పోవును, లావెక్కుటకు వ్యవధి ఉండదు. స్వీడను దేశములో 2005 జనవరి 8న వచ్చిన గుడ్రున్ తుఫాను సుమారు ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల కలపను ఒక్కరాత్రిలో కూల్చినది. అందులో అధికభాగము స్ప్రూసు. పొడవైన తోపులలో క్రొత్తగా పలుచన చేసినవి ఎక్కువగా దెబ్బతినునని ఐరోపా దేశముల అనుభవము. అంతమాత్రమున పలుచన తప్పు అనరాదు. తప్పు కాలముది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్లు, మొక్కగా నున్నప్పుడు చోటీయని చెట్టునకు మానైన తరువాత చోటిచ్చి ప్రయోజనము లేదు.

పని ముందు, ఎడము తరువాత

నాటకముందే ఈ తోపు దేనికని మిమ్ము మీరు ప్రశ్నించుకొనండి.

మూడు నాలుగేండ్లలో మిల్లుకో, పొయ్యికో మొత్తము అమ్ముకొనదలచినచో నాలుగు ఐదడుగుల ఎడము చాలును. పలుచన అక్కరలేదు. కాని గడువు దాటనీయకండి. ధర పడిపోయినదని రెండేండ్లు వేచియుండదలచినచో చూచుచు ఊరకుండక, ఆ యేడే మూడవ వంతు బలహీనపు చెట్లు తీసి అమ్మండి.

గుంజలు, వాసములు, దూలములు కావలెనన్నచో ఐదడుగుల ఎడమున నాటి మూడుమార్లు పలుచన చేయండి. మొదట కొంత ఒత్తుగా నుండుట మంచిదే. మాను నిటారుగా పోవును, క్రింది కొమ్మలు సన్నగా నుండగనే రాలిపోవును. తలలు ఒకదానికొకటి తగిలి, క్రింది కొమ్మలు ఎండుట మొదలైన యేడు మొదటి పలుచన. సామాన్యముగా అది రెండు మూడేండ్ల వయసు. వంకర, పుండుపడినది, క్రుంగినది, రెండు తలలది ముందు తీయండి. 1,742లో ఇంచుమించు వేయి నిలువవలెను. ఐదారేండ్లకు రెండవసారి తీసి ఆరువందలు నిలుపండి. తొమ్మిదవ యేట మూడవసారి తీసి నాలుగువందలు నిలుపండి. ఒకేసారి మూడవ వంతు, మహా అయినచో నాలుగుపాళ్ళు పదింట మించి తీయకండి. నేడు నారుమళ్ళలో దొరకు సంకరపు క్లోనులు త్వరగా పెరుగును. త్వరగా పెరుగు తోపునకు పలుచనయు త్వరగానే రావలెను. కనుక వయసును గాక కొమ్మను చూచి నిర్ణయించండి.

ఇంటికి, పొలమునకు గాలి అడ్డు కావలెనన్నచో లెక్క మరి వేరు. గాలికి గోడవలె నిలిచిన ఒత్తు తోపుకన్న, సగము గాలిని జల్లెడ పట్టినట్లు వదలు తోపే వెనుక ఎక్కువ దూరము చల్లగా కాపాడును. గోడను తాకిన గాలి పైకెగసి వెంటనే అవతల సుడులుగా దిగును. జల్లెడలో దూరినది నెమ్మదించి సాగును. అట్టి తోపు రక్షణ చెట్టు ఎత్తునకు పది నుండి ఇరువది రెట్ల దూరమువరకు అందును. 30 అడుగుల తోపు 300 నుండి 600 అడుగుల వరకు పనిచేయును. సముద్రమువైపు మొదటి రెండు మూడు సాళ్ళను నాటునప్పుడే ఎనిమిదడుగుల ఎడమున నాటండి. వాని కొమ్మలు నరకకండి, పిమ్మట ఆ సాళ్ళ జోలికి పోకండి. ఎదురుగాలి తినుచు పెరిగిన చెట్టు పొట్టిగా, లావుగా, గట్టి వేరుతో నుండును. మొత్తము తోపునకు అదే కాపలా. లోపలి సాళ్ళను పైన చెప్పినట్లు పలుచన చేయండి. తోపు ముదిరి మొదళ్ళు బోడివైనచో గాలి క్రిందుగా దూరును. ఆ సందు పూడ్చుటకు జీడిమామిడి, మొగలి, తాటి వంటివి జతచేయండి.

పలుచనకు తగిన కాలము తుఫానులు వెళ్ళిన పిదప, జనవరి ఫిబ్రవరి మాసములు. అప్పుడు తీసినచో మిగిలిన చెట్లు వచ్చు అక్టోబరులోపల ఎనిమిది తొమ్మిది నెలలు వేరూని లావెక్కును. ఆగస్టు, సెప్టెంబరులలో ఎట్టి పరిస్థితిలోను తోపు విప్పకండి. నాటు సరుగుడు మోడు నీలగిరివలె సులభముగా తిరిగి చిగురించదు. కావున గొడ్డలి పెట్టకముందే ఏ చెట్టు ఉండవలెనో సున్నపు గుర్తు పెట్టండి. నరుకు కూలివానికి తీయవలసినదానిని చూపుటకన్న నిలువవలసినదానిని చూపుట మేలు.

మీ అభ్యంతరములు

"పచ్చగా నిలిచిన చెట్టును నా చేతులతో నేనే నరుకుదునా?" అని రైతు అడుగును. న్యాయమైన ప్రశ్నయే. దొరువు త్రవ్వి, రెండు వేసవులు కడవలతో నీరు మోసి పెంచిన మొక్క. దానిని నరకుట ప్రాణమునకు ఒప్పదు. కాని ఆ నీటిలో పొరుగు చెట్టు వాటాను కూడ ఆ మొక్కయే త్రాగుచున్నదని తలచండి.

"మిల్లువారు టన్ను లెక్కన కొందురు. లావైన నేమి, సన్నమైన నేమి?" అని మరియొకరు. మిల్లుకే అమ్మువారికి ఈ మాట కొంత నిజము. కాని ఒకే గిరాకిమీద ఆధారపడిన తోపు ఆ గిరాకి తప్పినప్పుడు ఏమగును? లావుకట్టె మిల్లుకు పోవును, కలప అంగడికిని పోవును. సన్నకట్టెకు అంగడి ఒక్కటే.

"చిన్నకట్టె అమ్మిన కూలికి చాలదు" అనువారును కలరు. ఇది నిజముగా బాధించు సంగతి. మొదటి పలుచనలో మిగులునది స్వల్పము, ఒక్కొక్కయేడు ఏమియు మిగులదు. ఆ ఖర్చును నష్టముగా గాక, కలుపుతీత ఖర్చువలె పెట్టుబడిగా వ్రాసికొనవలెను. ఊరిలో నాలుగైదు తోపులవారు కలిసి ఒకే వారమున పలుచన చేయించి, కట్టెను ఒక బండిగా అమ్మినచో కూలి, బాడుగ కలిసివచ్చును. పూరిపాకలకు, కూరగాయల పందిళ్ళకు, తమలపాకు తోటలకు సన్నని గుంజలు ఊరిలోనే చెల్లును.

శాఖలు చేయవలసినది

ఒక్క రైతుకే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఎకరమునకు ఇన్ని మొక్కలని ఒకే అంకె చెప్పి నారు పంచుట మానవలెను. నారు ఇచ్చునప్పుడే ఈ తోపు దేనికని అడిగి, దానికి తగిన ఎడము, పలుచన వత్సరములు వ్రాసిన చీటీ చేతికీయవలెను. తీరపు మండలములలో ఒక్కొక్క ఎకరమున మూడు, ఐదు, ఎనిమిదడుగుల ఎడములతో ప్రక్కప్రక్కన మడులు పెంచి, ఏటేట కొలతలు బోర్డుమీద వ్రాయించినచో, వంద ఉపన్యాసములకన్న అది మేలు. రైతు కంటితో చూచినది నమ్మును. తుఫాను వచ్చి వెళ్ళిన మరునాడు ఆ మూడు మడులను చూచినవాడు మరల ఎవరినీ అడుగనక్కరలేదు.

తీరమున గాలి అడ్డుకొరకు పెంచిన ప్రభుత్వపు తోపులకును ఈ మాట వర్తించును. మొక్కలు నాటిన లెక్క పుస్తకములో వ్రాయుటతో పని తీరదు. నాటిన ఐదేండ్లకు ఎవరు పలుచన చేయవలెనో, అందుకు సొమ్ము ఎక్కడినుండి రావలెనో కూడ నాటినరోజే వ్రాసియుండవలెను. ఆ తోపుల వెనుక జాలరుల గుడిసెలు, రైతుల వేరుసెనగ చేలు ఉన్నవి. తోపు పడినచో పోవునది కట్టె మాత్రమే కాదు.

ఎంత చక్కని ఎడము పెట్టినను మహాతుఫాను ముందు ఏ చెట్టునకును హామీ లేదు. నేనును ఈయజాలను. కాని సామాన్యపు గాలికి కూలు తోపునకు, గట్టి గాలికి నిలుచు తోపునకు భేదము చాలవరకు మన చేతిలోనిదే. ఈ జనవరిలో టేపు పట్టుకొని మీ తోపులోనికి వెళ్ళండి. అక్కడక్కడ ఇరువది చెట్లు కొలిచి, చుట్టుకొలతలను, ఎత్తులను ఒక కాగితముమీద వ్రాయండి. ఎన్ని చెట్లు ఎత్తులో చుట్టుకొలత రెట్టింపును మించినవో లెక్కించండి. సగమునకు పైగా మించినచో, తోపు ఇంకను చిన్నవయసుదైనచో, పలుచన వెంటనే ఆరంభించండి. ముదిరిపోయినచో దానిని విప్పక, మొత్తముగా అమ్మివేసి, వచ్చు వానలకు మంచి ఎడమున క్రొత్త తోపు నాటండి.